బందర్ హోటల్ పోచమ్మ

మా అమ్మ లస్మవ్వ ఎవరినీ నమ్మేది కాదు. పాలవాడు వస్తే గిన్నెలో వేలు ముంచి చూసేది. కూరగాయలమ్మి తక్కెడ ఎత్తితే పళ్ళెం కింద చెయ్యి పెట్టి తడిమేది. రేపు వాన పడుతుందని రేడియోలో చెప్తే వాకిట్లోకి వచ్చి మొగులు వైపు చూసి, "సూద్దాం తీ" అనేది. ఆ గుణం నాకూ ఆమె నుంచే వచ్చింది, దాచుకోవడం ఎందుకు. అందుకే తొంభై తొమ్మిదో సంవత్సరం వానాకాలంలో ఒక పిల్ల కొలతల టేపు పట్టుకొని మా వాకిట్లో అడుగుపెట్టగానే మా ఇద్దరికీ ఒకేసారి ఒళ్ళు మండింది.

మేముండేది భివండీలో, ఖాడీ అనే సముద్రపు పాయ ఒడ్డున, బందర్ హోటల్లో. పేరుకే హోటల్. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి అక్కడ ఎవరూ ఎవరికీ ఒక కప్పు చాయ్ అమ్మలేదు. పెంకులు జారిపోయిన రెండంతస్తుల కట్టడం, పైకి పోవడానికి టేకు మెట్లు. పైన ఐదు కుటుంబాలు, అందరూ కరీంనగర్ జిల్లా వాళ్ళే. కింద మా బిస్సీ. అంటే మరమగ్గాల సాంచలు నడిపే మగవాళ్ళకు రెండు పూటలా అన్నం పెట్టే చోటు. పెళ్ళాం పిల్లల్ని ఊళ్ళో వదిలి వచ్చిన నలభై మంది మా దగ్గర తినేవాళ్ళు. బాపు పోయాక అమ్మ ఆ పొయ్యి మీదే ఇల్లు నడిపింది, నన్ను మరాఠీ బడిలో పదో తరగతి దాకా చదివించింది. ఆ గది పోతే ఆ పొయ్యి పోతుంది. ఆ పొయ్యి పోతే మాకు భివండీలోనే కాదు, ఎక్కడా నిలబడే చోటు లేదు.

వాకిట్లో నల్లా పక్కన మా పోచమ్మ ఉండేది. మా నాయనమ్మ సమ్మవ్వ ఇక్కడికి వచ్చిన కొత్తలో ఇంటింటా పిల్లలకు అమ్మతల్లి పోసిందట. ఊరికి పోయి మొక్కు చెల్లించడానికి రైలు చార్జీలు లేవు. నాయనమ్మ వాకిట్లో నిలబడి ఉన్న ఒక నల్లరాయికి పసుపు పూసి, బొట్టు పెట్టి, ఇగ ఈమెనే మన పోచమ్మ అన్నది. పిల్లలకు తగ్గింది. అమ్మవారు నిలబడిపోయింది. నాయనమ్మ ఒకే నియమం పెట్టింది, అమ్మోరి పసుపు కడగొద్దు, ఏటా దాని మీదే పుయ్యాలి అని. ఇరవై ఐదేళ్ళ పసుపూ కుంకుమా నూనే రెండు వేళ్ళ మందాన పేరుకుపోయాయి. పైన మైనంతో అంటించిన వెండి కళ్ళు.

టేపు పట్టుకొని వచ్చిన పిల్ల పేరు రూపాలి. ముంబైలో కట్టడాల గురించి చదువుతున్నదట. గోడలు కొలిచింది, కిటికీలు లెక్కపెట్టింది, మెట్ల కొయ్య మీద చెక్కిన చిలకలను కూర్చొని కాగితం మీద గీసుకుంది.

"ఏందంట?" మరాఠీ రాని అమ్మ పొయ్యి ముందు నుంచి లేవకుండానే అడిగింది.

"ఈ హోటల్ కథ రాస్తదంట."

"హోటల్‌కు కథేంది? రాసుకుంటే రాసుకోమను. కథ రాసేటోళ్ళకు టేపెందుకే?"

నాకూ అదే అనుమానం. మరాఠీలో అడిగేశాను. రూపాలి నవ్వి, టేపు చుట్టేసి, మెట్ల మీద నన్ను పక్కన కూర్చోబెట్టుకొని చెప్పింది. ఒకప్పుడు పడవలు మా వెనకగోడ దాకా వచ్చేవట. ఉప్పు, కలప, బియ్యం దించేవాళ్ళట. రాత్రి ఉండడానికి చోటు లేక పడవ మనుషులు వానలో తడుస్తుంటే చూసి ఒక వ్యాపారి ఈ బస కట్టించాడట. తర్వాత ఒక ఇరానీ ఆయన కింద చాయ్ దుకాణం పెట్టి, పైన గదులు కిరాయికిచ్చి హోటల్ అని బోర్డు కట్టాడు. ఖాడీ పూడిపోయింది, పడవలు ఆగిపోయాయి, ఇరానీ వెళ్ళిపోయాడు, పేరు మాత్రం మిగిలింది. ఇలాంటి కట్టడాన్ని హెరిటేజ్ అంటారని, కాపాడుకోవాలని చెప్పింది. హెరిటేజ్ అన్న మాట నేను వినడం అదే మొదటిసారి. మమ్మల్ని వెళ్ళగొట్టడానికి పుట్టించిన మాటలాగే వినపడింది.

"ఒక పాత కాగితంలో చదివాను. కట్టించినాయన ఈ వాకిట్లో ఒక రాయి నాటించాడు. దాని మీద అక్షరాలున్నాయి. ఆ రాయి ఎక్కడుంది?" అని అడిగింది.

చిన్నప్పుడు బోనాలకు అమ్మవారికి పసుపు పూస్తుంటే, కింద పలచగా ఉన్నచోట నా వేళ్ళకు గీతలు తగిలేవి. ఈ పిల్ల ఆ పసుపంతా గీకేసి, మా పోచమ్మను లేపుకుపోయి ఎక్కడో అద్దాల పెట్టెలో పెడుతుందనుకున్నాను.

"అలాంటి రాయి ఏదీ లేదు," అన్నాను.

"ఏమడుగుతంది?" అమ్మ కేకేసింది.

"తాగనీకి నీళ్ళు."

అమ్మ చెంబు నిండా నీళ్ళు తెచ్చి ఇచ్చింది. రూపాలి ఒక్క క్షణం చెంబు వైపు చూసి, మర్యాద కోసం తాగింది. వెళ్ళేటప్పుడు కాగితం చింపి తన ఫోన్ నంబర్ రాసిచ్చింది, రాయి సంగతి తెలిస్తే చెప్పమని. దాన్ని బియ్యం డబ్బా కింద తోసేశాను.

అమ్మ అనుమానించని మనిషి లోకం మొత్తం మీద ఒక్కడే ఉండేవాడు, ఆగయ్య మామ. అమ్మది, ఆయనది ఒకే ఊరు, వరసకు అన్న. బాపును భివండీకి తెచ్చి మొదటి సాంచ మీద నిలబెట్టింది ఆయనే. ఆయనకిప్పుడు సొంతంగా ఇరవై నాలుగు సాంచలు. అయినా శుక్రవారం సాంచలు బంద్ ఉన్నప్పుడు మా దగ్గరికి వచ్చి, పీట మీద కూర్చొని, అమ్మ చేతి జొన్నరొట్టె తిని పోయేవాడు.

ఆ శుక్రవారం రొట్టె తుంచుతూ అడిగాడు. "గా టేపు పోరి మల్ల వచ్చిందా?"

ఆ పిల్ల వచ్చిన సంగతి ఆయనకు ఎవరు చెప్పారో నాకు తెలియదు. ఆ మాట అప్పుడే తట్టింది కానీ మామను అనుమానించడం అలవాటు లేక ఊరుకున్నాను.

"రాలే అన్నా. ఏమో కథ రాస్తదంట," అన్నది అమ్మ.

"కథా లేదు, గిథా లేదు. నాపులు తీసుకునేటోళ్ళు కూలగొట్టనీకే తీసుకుంటరు చెల్లే. ఇగ లోపట అడుగు పెట్టనియ్యకు." నీళ్ళు తాగి గొంతు తగ్గించాడు. "మనం కిరాయి కట్టే సేటు గట్లాంటోడు కాదు. మొత్తం రిపేర్ చేపిస్తడంట. మూడు నెల్లు గైబీ నగర్‌ల నా షెడ్డు పక్క ఖోలీలల్ల ఉండుండ్రి. దీపావళికి మల్ల ఈడికే."

"కాయిదం ఏమన్న ఉన్నదా?"

"ఉంటది. నువ్వు అంగూఠా పెడితే పైనోళ్ళందరు పెడ్తరు."

అది నిజం. పైన ఐదు ఇళ్ళవాళ్ళూ లస్మవ్వ వేలు ఎక్కడ పడితే మా వేళ్ళు అక్కడే అనేవాళ్ళు. ఎవరినీ నమ్మని మనిషి ఒకరిని నమ్మిందంటే అందులో మోసం ఉండదని వాళ్ళ లెక్క.

అమ్మ చాలాసేపు పిండి పిసికింది. "అమ్మోరు వాకిట్ల ఉన్నంతసేపు నేను ఏలుముద్ర ఎయ్య అన్నా. ఆమెకు చెప్పకుంట ఎట్ల పోత?"

మామ ఆ మాట కోసమే కాచుకొని ఉన్నట్టు వెంటనే అందుకున్నాడు. "చెప్పకుంట ఎందుకు పోతం? సాగనంపుదాం. డప్పులు పెట్టి, మర్యాదగ ఖాడీల కలుపుదాం. కొత్త కాడ కొత్త అమ్మోరిని నిలబెడదాం. ఆ ఖర్చంత నాది."

అమ్మ కళ్ళు చెమర్చాయి. శ్రావణంలో వచ్చే శుక్రవారం ముహూర్తం అనుకున్నారు. అమ్మవారు కదిలిన వెంటనే ఆరిళ్ళవాళ్ళూ వేలిముద్రలు వెయ్యాలి.

ఆ వారం రోజులూ మామ మాటల్నే మళ్ళీ మళ్ళీ తలుచుకున్నాను. ఎక్కడో లెక్క తప్పుతోంది. బియ్యం కడుగుతుంటే ఉన్నట్టుండి అదేమిటో తట్టింది.

"అమ్మా, దీపావళికి మల్ల వచ్చేదుంటే అమ్మోరిని సాగనంపుడెందుకే?"

అమ్మ చెయ్యి బియ్యంలోనే ఆగింది. "రిపేరంటే మన్ను, సున్నం మీద పడ్తది. మైల."

"తాటిపత్రి కప్పొచ్చు గద?"

"మామ మీదనే అనుమానమా నీకు?" అమ్మ గొంతు పెరిగింది. "మీ బాపు పీనుగకు ముందు భుజం పెట్టిండే ఆయన. ఇంకొక్క మాట మాట్లాడితే గంటె తిరగేస్త."

నేను బియ్యం గిన్నె ఎత్తుకొని లేచాను. కానీ కోపం మాత్రం ఆరలేదు. పాలగిన్నెలో వేలు ముంచే మనిషి, ఇక్కడ మాత్రం కళ్ళు మూసుకొని చెంబు ఎత్తుతున్నందుకు ఏడుపొచ్చింది.

ఆ శుక్రవారం వాన తెరిపిచ్చింది. సాంచల చప్పుడు లేకపోతే భివండీ వేరే ఊరైపోతుంది, ఎవరి మాట వాళ్ళకే గట్టిగా వినపడుతుంది. వాకిలి నిండా మనుషులు. మా బిస్సీలో తినే నర్సింగం డప్పు కాగబెట్టి తెచ్చాడు. ఆడవాళ్ళు బోనాలెత్తారు. పైగది శోభక్కకు ఎప్పటిలాగే శిగం వచ్చి జుట్టు విరబోసుకొని ఊగింది. అమ్మ నా పక్కన నిలబడి, ఎప్పటిలాగే, "ఈమెకు ఏటా గిదే రోగం. ఇయ్యాల బోళ్ళు తోముడు తప్పుతది," అని గొణిగింది. అమ్మ దేవుణ్ణి నమ్మేది కానీ దేవుడు మనుషుల మీదికి వస్తాడంటే మాత్రం నమ్మేది కాదు.

నలుగురు మగవాళ్ళు వెదురుబొంగులు, తాడు పట్టుకొని ముందుకు వచ్చారు. కాగుతున్న వేపాకు నీళ్ళ గుండిగ వైపు నడిచింది అమ్మ.

"తానం అక్కర్లే చెల్లే. నెల సంది వానల తడుస్తనే ఉన్నది. ఎత్తుండ్రి," అన్నాడు మామ.

"అంత దూరం పోయే ఆడిబిడ్డను తానం చేపియ్యకుంట పంపుతరా ఎవరన్న?" అన్నది అమ్మ. అక్కడున్న ఆడవాళ్ళందరూ అవునన్నారు. మామ పక్కకు జరిగాడు.

నాయనమ్మ నియమం ఉండేవాళ్ళ కోసం, పోయేవాళ్ళ కోసం కాదు. నేను చెంబుతో వేడినీళ్ళు పోస్తుంటే అమ్మ అరచేత్తో తోమింది. మొదట వెండి కళ్ళు ఊడాయి. అమ్మ వాటిని కొంగున ముడేసుకుంది. పచ్చటి నీళ్ళు మోరీలోకి పారాయి. తర్వాత పసుపు పెచ్చులు పెచ్చులుగా విడిపోయింది, ఒక్కో పెచ్చు రొట్టె అంత. కింద నల్లరాయి. రాయి నిండా అక్షరాలు.

నా బడిలో నేర్పిన బాలబోధ్ అక్షరాలే, కొంచెం పాతరకం. చెంబు పట్టుకొనే చదివాను. ఒకసారి చదివి నమ్మక మళ్ళీ చదివాను. తలెత్తితే మామ రాయి వైపు చూడడం లేదు, నా వైపు చూస్తున్నాడు.

"రాతలు ఏం లెవ్వు, పాత గీతలు. పట్టుండ్రి, జల్ది," అన్నాడు.

రాతలున్నాయని అప్పటికి ఎవరూ అనలేదు.

నేను వంగి, నీళ్ళు పోస్తున్నట్టే పోస్తూ, అమ్మ చెవిలో చెప్పాను. "అమ్మా, దీన్ని ఎవరు అమ్మొద్దని రాసున్నదే. ఉన్నోళ్ళను ఎల్లగొట్టద్దని రాసున్నది."

అమ్మ తల తిప్పలేదు. వినలేదేమో అనుకున్నాను. కొంగుతో రాయిని మెల్లగా తుడిచింది, జ్వరం వచ్చిన పిల్ల మొహం తుడిచినట్టు. మగవాళ్ళు రాయి చుట్టూ తాడు వేశారు. ఒకడు గడ్డపార దింపాడు. మామ జేబులోంచి మడత పెట్టిన కాగితం పైకి కనపడుతోంది.

అమ్మ లేచి నిలబడింది. కొప్పులోంచి పిన్ను తీసి కింద పడేసింది. జుట్టు భుజాల మీద పడింది. ఆమె గొంతులోంచి వచ్చిన కేక నేను అంతకుముందు ఎన్నడూ వినలేదు.

"ఎవడ్రా నన్ను లేపేది!"

గడ్డపార కింద పడింది. నర్సింగం చెయ్యి దానంతటదే డప్పు మీద ఆడింది. అమ్మ ఊగుతోంది. ఇన్నేళ్ళుగా పక్కవాళ్ళ శిగాన్ని వెక్కిరించిన లస్మవ్వ ఊగుతోంది. శోభక్క నోరు తెరిచి, తన శిగం మరిచిపోయి నిలబడిపోయింది.

అమ్మవారు మాట్లాడితే ఇంటి పెద్ద ముందుకొచ్చి, సాక పోసి, తప్పేమిటని అడగాలి. అది పద్ధతి. అక్కడ పెద్ద అంటే ఆగయ్య మామే. అందరూ ఆయన వైపు చూశారు. ఆయన మొహం వాడిపోయింది. అయినా చెప్పులు విడిచి, చెంబుతో నీళ్ళు పోసి, చేతులు జోడించక తప్పలేదు.

"తల్లీ, ఏం తప్పు జేసినం?"

"ఈడ నిలవడ్డ. ఈడనే మీ పిల్లల సల్లగ సూసిన. నేను యాడికి పోను! నన్ను లేపినోని ఇంట్ల దీపం పెట్టనియ్య! నా మొకం మీద ఏమున్నదో నలుగురికి ఇనిపియ్యుండ్రి!" అమ్మ వేలు ఊగుతూ ఊగుతూ వచ్చి నా మీద ఆగింది. "పిల్లా, సదువు!"

చదివాను. ముందు మరాఠీలో, తర్వాత తెలుగులో.

"పడవ దిగి వచ్చి, తల దాచుకోను చోటు లేనివారి కొరకు ఈ బస ధర్మంగా కట్టించడమైనది. దీనిని ఎవరూ అమ్మరాదు. ఇందులో ఉన్నవారిని ఎవరూ వెళ్ళగొట్టరాదు. శకం 1802."

తర్వాత తాడు వేసినవాడే వంగి తాడు విప్పాడు. మామ చెప్పులు తొడుక్కున్నాడు. జేబులోని కాగితాన్ని వేలితో లోపలికి తోసుకొని, ఖాడీ వైపు నడిచిపోయాడు. అమ్మ కింద కూలబడింది. ఆమె మొహం మీద నీళ్ళు చల్లి, నిమ్మకాయ కోసి, లోపలికి తీసుకుపోయాం.

మర్నాడు బియ్యం డబ్బా జరిపి, కాగితం తీసి, బజారుకు పోయి రూపాలికి ఫోన్ చేశాను. సోమవారం వచ్చింది. రాయి ముందు మోకాళ్ళ మీద కూర్చొని చాలాసేపు చూసింది. తర్వాత నా వైపు తిరిగి, "పోయినసారి రాయి అడిగితే నీళ్ళిచ్చారు," అన్నది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె మాత్రం నవ్వేసింది. ఫోటోలు తీసింది, అక్షరాల మీద కాగితం పరిచి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకుంది. ఇలా ధర్మానికి రాసిచ్చిన దాన్ని సేటు తన ఇష్టం వచ్చినట్టు అమ్మడానికి వీల్లేదని, ధర్మాదాయ కచేరీలో అర్జీ పెడదామని చెప్పింది. ఆమె ద్వారానే తెలిసింది, సేటు ఎప్పుడో గోదాము కట్టేవాళ్ళకు మాటిచ్చేశాడని, గైబీ నగర్ ఖోలీలు అప్పటికే వేరేవాళ్ళ చేతిలో ఉన్నాయని. అర్జీ ఏళ్ళకేళ్ళు నడిచింది. కట్టడం నిలబడింది. ఇప్పుడు గేటు దగ్గర దాని చరిత్ర రాసిన నీలం పలక ఉంది. అందులో వ్యాపారి పేరు ఉంది, ఇరానీ పేరు ఉంది. పోచమ్మ పేరు లేదు, మా పేర్లూ లేవు.

మామ మళ్ళీ మా రొట్టె తినలేదు. అమ్మ ఆయన కోసం ఏడ్చింది. బాపు పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. పోయినవాడి మీద నమ్మకమైనా మిగులుతుంది, ఇక్కడ అదీ మిగలలేదు. అయినా ప్రతి ఏటా బోనాల నాడు ఆయన ఇంటికి నాతో ప్రసాదం పంపేది. ఎందుకని అడిగితే చెప్పేది కాదు.

అమ్మవారికి మళ్ళీ పసుపు పూశాం. ఈసారి అక్షరాలు వదిలేసి, చుట్టూ పూశాం. వెండి కళ్ళు రాతకు పైన అంటించాం.

మరుసటి ఏడు బోనాల సందడి తగ్గాక ఒకరోజు ఇద్దరం చేటలు ముందేసుకొని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాం. ఎన్నాళ్ళుగానో నాలుక చివర ఉన్నది అడిగేశాను.

"అమ్మా, నిజం చెప్పు. ఆ రోజు నిజంగనే నీ మీదికి అమ్మోరు వచ్చిందా?"

అమ్మ రాయి ఏరి అవతల పారేసింది.

"టేపు పోరి వచ్చిన్నాడు నీళ్ళు అడిగిందని చెప్పినవు."

నేను చేటలో లేని రాయి కోసం వెతికాను.

"దూపైనోళ్ళు గట్ల తాగుతరా? నువ్వు అబద్దం ఆడుతున్నవని నాకు గా దినమే ఎర్క." చేట ఒకసారి చెరిగింది. ఊక ఎగిరి మా ఇద్దరి మధ్య పడింది. "నాకు ఒక్క అచ్చరం రాదు. గా రాయి మీద ఏమున్నదో నాకేం తెల్సు? నువ్వు చెవుల చెప్పినవు, నేను లేచిన. నిజమేనా బిడ్డా అని నిన్ను అడిగిన్నా?"

"అడగలే."

"మరి నన్నెందుకు అడుగుతున్నవు?"

నేను తల వంచుకొని బియ్యం ఏరాను. ఇన్నేళ్ళైంది, అమ్మ కూడా పోయింది. ఆ సంగతి మాత్రం మళ్ళీ అడగలేదు.